రెండో సిమ్

పగలు పదకొండింటికి రెండో సిమ్ మోగిందంటే
నేను వర్మగారిని.
లుంగీ సర్దుకుని, గొంతు సవరించుకుని
మంచం మీద నిటారుగా కూర్చుంటాను.
పడుకుని మాట్లాడితే గొంతులో పడక వినిపిస్తుందని
మొదట్లోనే నేర్చుకున్నాను.

రాత్రంతా వెర్రిబీలో పెట్రోలు బంకు.
ఊరి పేరులోనే ఉంది వెర్రి, మా తప్పేం లేదు.
లారీ డ్రైవర్లకు వేడి పైలు,
గాలి కొట్టే గొట్టం దగ్గర తాగుబోతు కుర్రాళ్ళు,
నాలుగింటికి పాల వ్యాను.
ఇంటికొచ్చి, కిటికీకి దుప్పటి కట్టి కళ్ళు మూస్తానో లేదో
వర్మగారికి ఫోను.

తలగడ కింద పుస్తకం.
పేజీకొకరు.
నిఖిలేశ్: మూడేళ్ళు, బ్యాంకు ప్రాజెక్టు, ఓపిక ఎక్కువ.
తేజోవతి: రెండున్నరేళ్ళు, టెస్టింగు,
ఒక ఆదివారం పిలవకుండానే వచ్చి పని ముగించింది.
ఆ ఆదివారం నేను కల్పించిందే.
అబద్ధమాడితే అతికినట్టుండాలి కదా,
అందుకని చిన్న లోపం కూడా ఒకటి పెడతాను:
"కాస్త మొహమాటమండీ, మీటింగుల్లో నోరు విప్పడు."
అవతలావిడ నవ్వుతుంది.
లోపం వింటే గానీ మనుషులు నమ్మరు.

పదకొండు మందికి ఉద్యోగాలొచ్చాయి.
నిఖిలేశ్ కాజాల డబ్బా తెచ్చి బల్ల మీద పెట్టి
"తప్పేంటన్నా" అన్నాడు, నేనేమీ అడగకుండానే.
"అనుభవం లేదని ఉద్యోగమివ్వరు,
ఉద్యోగం లేకుండా అనుభవం ఎవరు అప్పిస్తారు?"
నా దగ్గర జవాబు లేదు.
ఇప్పటికీ లేదు.
వాడు పని బాగానే చేస్తున్నాడట,
మొదటి మూణ్ణెల్లు బాత్రూములో కుళాయి తిప్పి ఏడ్చాడట గానీ.
ఇంకొకడు, పేరెందుకు, ఆరో రోజే దొరికిపోయాడు.
వాడి పేజీ చింపలేదు.
చింపితే వాడి వెనక పేజీలో ఉన్నవాడు కూడా ఊడొస్తాడు.

హైమ ఆ పుస్తకంలో లేదు.
ఏడాదిన్నరగా నాతోపాటే బంకులో,
అవే రాత్రులు, అదే కౌంటరు.
వృద్ధాశ్రమంలో పనికి కాగితాలు పెట్టి చెప్పింది:
"రిఫరెన్సుకి మీ పేరు రాశాను.
వర్మగారిది కాదు, మీది."
"ఏం చెప్పమంటావు?"
"ఉన్నదే."
"సూపర్‌వైజరని రాసుకోకపోయావా, ఎవడొచ్చి చూస్తాడు?"
కాఫీ మెషీను తుడవడం ఆపలేదు.
"తర్వాత ఆ సూపర్‌వైజరుని
రోజూ నేనే మొయ్యాలి కదండీ."

మంగళవారం మొదటి సిమ్ మోగింది.
అలవాటు కొద్దీ తలగడ కింద చెయ్యి పెట్టాను.
ఏ పేజీ తియ్యాలి?
ఆమె ఎలాంటి మనిషని అడుగుతున్నారు.
నీళ్ళు నమిలాను.

మొన్న చలికాలంలో, తెల్లవారుజామున
దారితప్పిన ముసలాయనొకడు వట్టికాళ్ళతో బంకులోకొస్తే
తన బూట్లు విప్పి ఆయనకి తొడిగి
పోలీసులొచ్చేదాకా మేజోళ్ళతో నిలబడి
బిల్లులు కొట్టిన మనిషి.
అది చెప్పాలనుకున్నాను.
చెప్పాను కూడా,
కాకపోతే వెనకది ముందు, ముందుది వెనక,
బూట్లెవరివో కాళ్ళెవరివో కలగాపులగమై,
నెల తప్పు చెప్పి, దిద్దుకుని, మళ్ళీ తప్పు చెప్పి.
అవతలి గొంతు కాసేపు ఆగింది.
"మీరు నిజంగా ఆమెతో కలిసి పనిచేశారా?"

వర్మగారిని ఒక్కరంటే ఒక్కరు అడగని ప్రశ్న.

"చేశానండీ" అన్నాను.
ఇంతసేపూ పడుకునే మాట్లాడానని
అప్పుడు గమనించాను.

రాత్రికి హైమ వస్తుంది.
ఫోనొచ్చిందా అంటుంది, ఏం చెప్పారు అంటుంది.
బాగా చెప్పానని
ఆమెతో ఆడాల్సిన అబద్ధం ఒకటి
ఇప్పట్నించే గొంతులో సర్దుకుంటున్నాను.
అతకడం లేదు.

తలగడ కింద రెండోది మోగుతోంది.
నిఖిలేశ్ తమ్ముడి గురించి కాబోలు.
లేచి కూర్చోవాలి.